సాయంత్రానికీ నిండుగానే ఉన్న నీళ్ళ బాటిల్

పదకొండేళ్ళ పాటు రోజూ పొద్దున లీటరు స్టీలు బాటిల్ నిండా నీళ్ళు పట్టుకుని అనంతపురంలో బస్సెక్కాను. సాయంత్రం ఆ నీళ్ళలో ముప్పావు వంతు అలాగే ఇంటికి తెచ్చాను. పారబోయడానికి మనసొప్పదు. ఈ జిల్లాలో పుట్టిన వాళ్ళెవరికీ ఒప్పదు. పెరట్లో కరేపాకు చెట్టుకు పోసేదాన్ని. ఇప్పుడది మిద్దె ఎత్తు పెరిగింది, మా వీధిలో సగం ఇళ్ళ తాలింపుకు ఆకు మా చెట్టుదే. నాకేమో ఎడమ కిడ్నీకి ఇన్ఫెక్షన్ వచ్చింది.

దాహం వేయక కాదు తాగనిది. తాగితే తర్వాత ఒకచోటికి వెళ్ళాలి. అక్కడ తలుపుకు గడియ లేదు.

నేను కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఊరి పేరు ఇక్కడ అనవసరం, చాలా ఊళ్ళలో ఇదే కథ. 2019లో సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక మా పిల్లల మరుగుదొడ్లకు టైల్స్ వచ్చాయి, కొళాయిలు వచ్చాయి, మంచి తలుపులు వచ్చాయి. వాటిని రోజూ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా కొన్నేళ్ళు టీచర్ల నెత్తినే పడింది. మా టీచర్ల బాత్రూము మాత్రం పాత భవనం వెనక ఉంది. రేకు తలుపు. గడియ ఊడిపోయి రెండేళ్ళు. లోపలికి వెళ్ళిన మనిషి ఒక చెయ్యి చాపి తలుపు పట్టుకుని ఉండాలి. లేదంటే బయట ఒకరు కాపలా నిలబడాలి. మేం ఐదుగురు ఆడవాళ్ళం, ఏ ఇద్దరికీ ఒకే పీరియడ్ ఖాళీ ఉండదు. అంతకుముందు నేను పనిచేసిన బడిలో అయితే ఆ రేకు తలుపు కూడా లేదు. ఐదుగురమూ డిగ్రీల మీద డిగ్రీలు చేసిన వాళ్ళమే. అందరం కలిసి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, నీళ్ళు మానేయడం.

వేసవిలో బడుల్లో వాటర్ బెల్ అని మోగిస్తారు, వినే ఉంటారు. గంట మోగగానే క్లాసులో నలభై బాటిళ్ళు పైకి లేస్తాయి. గటగటా చప్పుడు. "తాగండ్రా, ఎండలు మండిపోతున్నాయి" అని నేను వరసల మధ్య తిరుగుతూ చెబుతాను. నా బాటిల్ టేబుల్ మీద మూత బిగించి ఉంటుంది. ఒకసారి ముందు బెంచీలో కూర్చునే ఏడో తరగతి పిల్ల, "మీరు తాగరా మేడం?" అంది. "నాకు దాహంగా లేదమ్మా" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది అప్పటికి.

సంక్రాంతి సెలవులు అయిన తర్వాతి వారం చలిజ్వరం పట్టుకుంది. ఊళ్ళో అందరికీ వస్తున్న జ్వరమే అనుకుని పారాసిటమాల్ వేసుకుని పేపర్లు దిద్దాను. మూడో రోజు ఎడమ పక్క నడుము పైన ఎవరో మేకు దిగగొట్టినట్టు నొప్పి. మా ఆయన ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, చేతికి సూది, పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారమ్మా?"

ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు. నలభై మంది పిల్లల హాజరు, నెలకు ఎన్ని గ్యాస్ సిలిండర్లు, అత్తమ్మ బీపీ మాత్రలు ఇంకెన్ని ఉన్నాయి, అన్నీ నోటికొచ్చు. ఇది మాత్రం ఆలోచించి చెప్పాల్సి వచ్చింది. పొద్దున ఆరింటికి ఒకసారి. మళ్ళీ ఇంటికి వచ్చాక, ఐదున్నరకు. మధ్యలో పదకొండున్నర గంటలు.

ఆవిడ తిట్టలేదు. పెన్ను పక్కన పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆడవాళ్ళ మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే ఉంటుందట, క్రిములు పైకెక్కడం సులువు. మనం నీళ్ళు తాగి మూడు నాలుగు గంటలకోసారి వెళ్తుంటే ఎక్కిన క్రిములు ఎక్కినట్టే కొట్టుకుపోతాయి. నిలవ పెడితే అక్కడే కాపురం పెట్టి, మెల్లగా కిడ్నీ దాకా పోతాయి. జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దని కూడా రెండుసార్లు చెప్పింది. నన్ను చూడగానే మూడో రోజుకు మాత్రలు ఆపేసే రకం అని తెలిసిపోయినట్టుంది.

ఇంటికొచ్చాక దీని గురించి చదివాను. ఏడాదికి మూడుసార్లో అంతకంటే ఎక్కువో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళు, అందులోనూ నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు 140 మందిని తీసుకుని, సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర నీళ్ళు ఎక్కువ తాగమన్నారట. ఏడాది తిరిగేసరికి మామూలుగా ఉన్నవాళ్ళకు సగటున 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, ఎక్కువ నీళ్ళు తాగినవాళ్ళకు 1.7 సార్లే వచ్చింది. 2018లో అచ్చయిన అధ్యయనం ఇది. మందు లేదు, మాయ లేదు, నీళ్ళు. మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి బెంగళూరులో ఉండే మా చెల్లెలు ఒక పెట్టె పంపింది. లోపల ఊదారంగు కాగితంలో చుట్టిన సువాసన కొవ్వొత్తి, స్నానంలో కలుపుకునే ఉప్పు, మొహానికి పూసుకునే మట్టి. పైన చీటీ: "అక్కా, ఇకనైనా సెల్ఫ్ కేర్ మొదలుపెట్టు." పిచ్చిది, ప్రేమతోనే పంపింది. ఆ ఉప్పుకు తొట్టి స్నానం కావాలి. మాది బకెట్టు, మగ్గు. కొవ్వొత్తి మాత్రం పనికొచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా వెలిగిస్తున్నాం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సు ఆ వాసనలోనే చదివాడు.

పార్లరు మీద నాకేం పగ లేదు. పండగ ముందు నేనూ వెళ్తాను, కనుబొమలు చేయించుకుంటాను, ఆ అరగంట కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకోవడం హాయిగానే ఉంటుంది. నా తగువు దాన్ని ఒంటిని చూసుకోవడం అని పిలవడంతోనే. సోమవారం నుంచి శనివారం దాకా నీళ్ళు తాగని మనిషికి ఆదివారం మొహానికి మట్టి రాసి ఏం లాభం? మన ఫోన్లో కనిపించే సెల్ఫ్ కేర్ అంతా కొనగలిగే వస్తువుల చుట్టూనే తిరుగుతుంది. గడియ బాగుచేయించుకోండి అని ఎవరూ ప్రకటన వేయరు, అందులో ఎవరికీ పైసా మిగలదు కనుక.

మన దగ్గర ఈ మాట లేక కాదు. ఊరికి పోయేవాళ్ళకు గుమ్మంలో నిలబడి "ఒళ్ళు జాగ్రత్త" అంటాం. ఉత్తరాల కాలంలో చివరి వాక్యం అదే. ఆలోచిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆ మాట ఎప్పుడూ ఎదుటివాళ్ళకే చెబుతాం. నా ఒళ్ళు జాగ్రత్త అని ఎవరూ అనుకోరు, అనుకుంటే అదోలా వినిపిస్తుంది కూడా.

పాత సామెత ఒకటుంది. "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం." మొదటి సగమే అందరూ వాడతారు, అదీ దానాలు చేసేవాళ్ళని దెప్పడానికి. రెండో సగం పక్కన పెట్టి చదివితే నాకందులో అంగడి లెక్క వినిపిస్తుంది. లాభం పోయినా బేరం మళ్ళీ సాగుతుంది, పెట్టుబడే పోతే దుకాణం మూసేయాలి. ఒళ్ళు మొదలు. దాన్ని తిని ధర్మం చేయకు అంటోంది సామెత.

ఈ లెక్క మా అవ్వకు బాగా తెలుసు. ఉరవకొండ దగ్గర పల్లె వాళ్ళది. మెట్ట చేను, చెనిక్కాయ పంట. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడటమే గగనమైన జిల్లాలో వానను నమ్ముకున్న సేద్యం. ఇత్తనం కాయలు తొక్కతోనే గోనె సంచుల్లో కట్టి అటక మీద పెట్టేది. ముందే ఒలిచి పెడితే మొలక చస్తుందని, సరిగ్గా విత్తే ముందు రోజుల్లోనే ఆడవాళ్ళంతా కూర్చుని ఒలిచేవాళ్ళు. పిల్లలం ఒక్క గింజ నోట్లో వేసుకుంటే, "ఇత్తనం తింటే వచ్చే ఏడు మన్ను తినాల్సొస్తాది" అని చెయ్యి మీద ఒక్కటి వేసేది. ఎంత కరువొచ్చినా ఆ మూటలు విప్పలేదు.

ఆ మనిషే అందరూ తిన్నాక సంగటి గిన్నె అడుగు గోక్కుని తినేది. మిగలని రోజు మజ్జిగ తాగి పడుకునేది. అటక మీది ఇత్తనాన్ని అంత కాచుకున్న అవ్వకు తనూ ఇత్తనమే అని ఎవరూ చెప్పలేదు. పైగా ఆ గోక్కుని తినడాన్నే మేమందరం మెచ్చుకున్నాం. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మా పిన్నమ్మలు కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకుంటారు, అవ్వ ఎంత త్యాగమూర్తి అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె కడుపు మాడుతుంటే చూస్తూ కూర్చున్న వాళ్ళు ఆమె పోయాక కట్టిన పేరు అది. నేనూ ఆ కూర్చున్నవాళ్ళలో ఒకదాన్ని, చిన్నపిల్లనే అయినా.

సరే, గడియ సంగతి. మళ్ళీ డ్యూటీలో చేరే ముందు రోజు పాతూరులో హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి ఒక గడియ, నాలుగు మరలు కొన్నాను. వంద రూపాయలు కూడా కాలేదు. బడిలో అటెండరన్న చేతిలో పెట్టాను. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు, పాత రంధ్రాలు వదులైపోయాయని అగ్గిపుల్లలు విరిచి వాటిలో దూర్చాడు, పది నిమిషాల్లో బిగించాడు. రెండుసార్లు వేసి తీసి చూపించి, "ఇంతేనా మేడం? ఎప్పుడో చెప్పింటే అయిపోయేది గదా" అన్నాడు.

రెండేళ్ళు ఎందుకు చెప్పలేదు? నేనిప్పటికీ దీని గురించి ఆలోచిస్తుంటాను. హెడ్మాస్టరు గారు మంచాయన, అడిగితే కాదనేవాడు కాదు. కానీ స్టాఫ్ మీటింగులో నలుగురు మగవాళ్ళ ముందు బాత్రూం అనే మాట ఎత్తడానికి మా ఐదుగురికీ నోరు పెగల్లేదు. పిల్లలకు శరీర శుభ్రత గురించి చార్టులు గీయించే వాళ్ళం మేము. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆడవాళ్ళకు మాత్రం అడక్కుండా సర్దుకుపోయేదే మంచి పిల్ల అని నేర్పుతారు. ఆ మంచితనం ఖరీదు నాకు నాలుగు రోజుల ఆస్పత్రి బిల్లుతో సహా తెలిసింది.

చట్టం కూడా మమ్మల్ని మరిచిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం చివర బడి భవనంలో ఏమేం ఉండాలో ఒక పట్టిక ఉంది. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ, ఆటస్థలం, ప్రతి టీచరుకూ ఒక తరగతి గది. టీచరు మరుగుదొడ్డి మాట ఆ పట్టికలో లేదు. పాఠం చెప్పే మనిషికి గది అవసరమని గుర్తొచ్చిన వాళ్ళకు ఆ మనిషికి ఒళ్ళు కూడా ఉంటుందని తోచలేదు.

అందుకే, ఇదంతా మనసు మార్చుకుంటే అయిపోతుంది, నిన్ను నువ్వు ప్రేమించుకో చాలు అనే ఉపన్యాసాలు నాకు ఎక్కవు. నన్ను నేను ఎంత ప్రేమించుకున్నా గడియ లేని తలుపు పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్వీయ సంరక్షణను నిర్వచించేటప్పుడు వ్యక్తి ఒక్కరినే చెప్పి ఊరుకోలేదు, కుటుంబాలు, సముదాయాలు అనే మాటలు కూడా చేర్చింది. ఒంటిని చూసుకోవడంలో సగం పని మన నోటిది, మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్ళది.

ఇల్లు ఇంకా కష్టం. బడిలో ఒకసారి అడిగితే గడియ వచ్చింది. ఇంట్లో రోజూ అడగాలి. "నువ్వు అడిగితే చేస్తాను కదా" అంటాడు మా ఆయన, నిజంగానే చేస్తాడు కూడా. కానీ ఏం చేయాలో చూసుకోవడం, ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం, అడగడం, చేశాక మెచ్చుకోవడం, ఇవన్నీ నావే అయితే ఇక తగ్గిన పనేమిటి? కేంద్ర ప్రభుత్వం జనం సమయం ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడితే, మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళవి 289కి తగ్గాయి. సంతోషించబోయేలోగా పక్క గడి చూశాను, మగవాళ్ళవీ 88కి తగ్గాయి!

మేం చేసిన ఏర్పాటు గొప్పదేం కాదు. వారంలో మూడు రాత్రుల వంట ఆయనది. సాయం కాదు, ఆయన పనే. ఏం వండాలో నన్ను అడగకూడదు. మొదటి వారం మూడు రాత్రులూ ఉప్మా. రెండో వారం కూడా. "నాన్నా, ఉప్మాకైనా కాస్త రెస్టివ్వు" అన్నాడు మా అబ్బాయి. ఆ దెబ్బతో పులగం నేర్చుకున్నాడు, దాంట్లోకి చెనిక్కాయల చట్నీ కూడా. మిక్సీ మూత సరిగా పెట్టక గోడ మీద చిందిన మరక ఇంకా ఉంది. నిజం చెప్పాలంటే ఆయన నేర్చుకోవడం కంటే నేను వంటింటి గడప దాటి బయట కూర్చోవడమే కష్టమైంది. ఆవాలు మాడుతున్న వాసన వస్తుంటే లేవకుండా ఉండటానికి మిద్దె మీదకు పోయేదాన్ని. అత్తమ్మ ఒక నెల మూతి ముడుచుకుంది. ఇప్పుడు కొడుకు చేసిన పులగమే బాగుందంటోంది, అది కూడా నాకు కొంచెం గుచ్చుకుంటుంది, ఏం చేస్తాం.

అన్నిటికీ గడియలూ పులగాలూ చాలవు, అదీ తెలుసు. మా తోటి టీచరొకావిడ నెలల తరబడి నిద్రపట్టక, బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చేది. మేమందరం తలా ఒక సలహా ఇచ్చాం. పొద్దున్నే నడువు, గుడికి వెళ్ళు, టెన్షన్ పెట్టుకోకు. ఆమెకు కావాల్సింది డాక్టరు, మా సలహాల వల్ల అది ఇంకా ఆలస్యమైంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆమె చివరికి మొదలుపెట్టింది అక్కడి నుంచే. జ్వరమొస్తే సూది వేయించుకున్నట్టే ఇదీ.

ఇదంతా అయ్యాక నేను కాస్త గర్వంగానే తిరుగుతున్నాను. బాటిల్ మధ్యాహ్నానికే ఖాళీ, బడిలో మళ్ళీ నింపుకుంటున్నాను. వాటర్ బెల్ మోగితే పిల్లలతో పాటు నేనూ ఎత్తుతున్నాను. కరేపాకు చెట్టుకు బియ్యం కడిగిన నీళ్ళే గతి.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని నీళ్ళు తాగుతూ, అంట్లు తోముతున్న అక్కను చూశాను. ఆరింటికల్లా మా ఇంటికి వస్తుంది, తర్వాత ఇంకో మూడిళ్ళు. ఆరేళ్ళుగా వస్తోంది. డాక్టరమ్మ నన్నడిగిన ప్రశ్న ఆమెను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

"అక్కా, మధ్యలో బాత్రూంకు యాడికి పోతావు?"

ఆమె బూడిద చేత్తోనే నోరు అడ్డం పెట్టుకుని నవ్వింది. "యాడికి పోతానమ్మా? నాలుగిండ్లు అయ్యేతలికి పదకొండు దాటతాది. ఇంటికి పోయినాకనే."

"నీళ్ళు?"

"నీళ్ళు తాగితే కదమ్మా అగచాట్లు."

నా ఉపాయమే. మాట కూడా దాదాపు అదే. నేను బడి గడియ కోసం రెండేళ్ళు మాట్లాడలేదు, మా ఇంట్లో తలుపుకు గడియ ఉండి కూడా ఆరేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అడగలేదు కాబట్టి అని నాకు నేను చెప్పుకోబోయాను. మా ఆయన మాటే నా నోట్లోకి వచ్చింది.

"మా బాత్రూం వాడుకో అక్కా, పొద్దున రాగానే ఒక చెంబెడు నీళ్ళు తాగు" అన్నాను. "అట్నేలే మ్మా" అంది గానీ మూడు వారాలు అటువైపు పోలేదు. అత్తమ్మ మొహం చూస్తుందని నాకు తెలుసు. అత్తమ్మతో ఒక రాత్రి గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది, ఆ మాటలన్నీ ఇక్కడ రాయలేను. మిగిలిన మూడిళ్ళ సంగతి నా చేతుల్లో లేదు. ఒక ఇంటావిడ నాకు తెలుసు, అడిగాను, "చూద్దాంలే" అంది.

పోయిన శుక్రవారం అక్క అంట్లు తోమడం అయ్యాక చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మ్మా, లోపల గడియ బిగుసుకోనుంది, వేసేకి రావడం లేదు. రవ్వంత నూనె ఉంటే ఇయ్యి."

కొబ్బరినూనె సీసా, ఒక కోడి ఈక తీసుకుని నేనే వెళ్ళాను.